చెవి వెనుక ముడి

పోయిన వారం మా అక్క మనవరాలు నన్ను జనగామలో తాను కొత్తగా తెరిచిన దుకాణానికి తీసుకుపోయింది. కుక్కలకు నీళ్లు పోసి, బొచ్చు దువ్వి, గోళ్లు తీసే దుకాణమది. మన ఈడు వాళ్లు నవ్వుతారని నాకు తెలుసు. నేనూ నవ్వాను. మన చిన్నతనంలో మనుషులకే వారానికొకసారి తలంటు, కుక్కకు దుకాణమేమిటని ఆమె మొహం మీదే అన్నాను. ఆ పిల్ల కోపగించుకోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ఒక కాగితమిచ్చింది. కుక్కలను తెచ్చేవాళ్లు చదవాలని గోడకు అంటించబోతున్న కాగితమట.

“చిన్నమ్మమ్మా, జర సదివి సూడవే. నీకు సమజైతే జనగామల అందరికి సమజైతది.”

ఎగతాళో, పొగడ్తో తెలియలేదు గాని అందులో అబద్ధం లేదు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. ఇప్పటికీ వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద ఆగి చదువుతాను. దుకాణం చిన్నదే గాని శుభ్రంగా ఉంది. కాలు జారకుండా కింద రబ్బరు చాప పరిచింది. మోకాలెత్తు బల్ల మీద కూడా అలాంటి చాపే ఉంది. తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కుక్క దువ్వెనను వాసన చూడనిదే దాని ఒంటి మీద పెట్టకూడదని ఒక వరుస, నీళ్లు కాళ్ల నుంచి పైకి పోయాలి గాని నెత్తి మీద కుమ్మరించకూడదని ఒక వరుస చదువుకుంటూ పోయాను. నాలుగో వరుసలో నా వేలు ఆగిపోయింది.

“కుక్క తల పక్కకు తిప్పుకుంటే, మన చెయ్యి వెనక్కి తీసుకోవాలి.”

ఆ పిల్ల నా భుజం మీదుగా వంగి, ఏ అక్షరం రాలేదని అడిగింది. అక్షరాలన్నీ వచ్చాయి. వచ్చాయి గనకే ఆగాను. ఆమెకిది నాలుగో వరుస. నాకు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. అదీ ఒక మూగజీవాన్ని గోస పెట్టి నేర్చుకున్నాను.

మేము కురుమలం, గొర్రెలు కాసే ఇల్లు. జనగామకు పడమట మా ఊరు. మా ఇంటాయన జ్వరంతో పోయిన నాటికి నాకింకా ముప్పై నిండలేదు. పిల్లలు లేరు, అరవై గొర్రెలు మాత్రం ఉన్నాయి. గొర్రెలను మరిదికి అప్పగించి ఇంట్లో కూర్చోమని అందరూ చెప్పారు. కూర్చుని ఎవరి మొహం చూడను? నా మందను నేనే తోలుకుపోతానన్నాను. మా ఇళ్లలో అట్లాంటి అలవాటు లేదు. బొచ్చు వడికి దారం తియ్యడం ఆడవాళ్ల పని, మంద వెంట నడవడం, బొచ్చు కత్తెర పట్టడం మగవాళ్ల పని. మా అత్త నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నేను బయలుదేరేటప్పటికి నా సద్దిమూటలో పండుమిరప తొక్కు కట్టిపెట్టి ఉంది. ఆమె ఒప్పుకున్నదని దాన్నిబట్టే తెలుసుకున్నాను.

ఎండలు ముదిరితే మా దిక్కు గడ్డిపోచ దొరకదు. అందుకని మరిది మంద ముందు, నా మంద వెనుక, మహబూబాబాద్ దిక్కు దిగి, కేసముద్రం పక్క నుంచి పైకి తిరిగి, చిట్యాల, రేగొండ చేల మీదుగా భూపాలపల్లి అడవి అంచుదాకా పోయేవాళ్లం. కోత అయిన చేలలో మందను నిలిపితే రైతుకు ఎరువు, గొర్రెలకు మేత. మరిది ఎప్పుడూ నాకు మైలు దూరం ముందుండేవాడు. చెడ్డవాడు కాదు గాని, వదినె మంద కాయడం చూసి నలుగురు నవ్వుతారని ఆయనకు నామోషీ. ఆ మొదటి ఏడాది, రోజుల తరబడి మనిషితో మాట లేకుండా గడిచింది. ఒకసారి ఒక రైతు వచ్చి ఏ ఊరు అని అడిగితే, చెప్పబోయిన నాకు గొంతులోంచి మాట రాలేదు. దగ్గి, మళ్లీ దగ్గి, మా ఊరి పేరు చెప్పాను. ఒంటరితనం ఎట్లుంటుందని ఎవరన్నా అడిగితే నాకు ఆ దగ్గే గుర్తొస్తుంది.

ఆ ఏడే కేసముద్రం స్టేషన్ దగ్గర ఒక ఇల్లాలు, నీళ్లడగబోయిన నా ఒడిలో ఒక కుక్కపిల్లను పెట్టింది. తల్లి పట్నం నుంచి తెచ్చిన తెల్లటి బొచ్చుకుక్క, తండ్రి ఏ వీధి కుక్కో ఎవరికీ తెలియదు. పిల్ల మాత్రం దూదిమూటలా ఉండేది. మంద కుక్కంటే నున్నటి ఒళ్లుండాలి. ముళ్లలో దూరినా, వాగులో దూకినా దులుపుకుంటే పోవాలి. ఈ బొచ్చు పిల్ల మందకు పనికిరాదని నాకు తెలుసు. తెలిసీ తెచ్చుకున్నాను. నల్ల గొర్రెల మధ్య అది తెల్లగా నడుస్తుంటే మార్కెట్ ముందర బస్తాలు మోసే హమాలీలు నవ్వి చచ్చారు.

“ఏందక్కా, నీ మందల గొర్రె మొరుగుతాంది?”

“మొరుగుతది, కరుస్తది గూడ. చెయ్యి వెట్టి సూడు,” అన్నాను. ఆ రోజు నా గొంతు దగ్గు లేకుండానే పలికింది.

దానికి ఉన్ని అని పేరు పెట్టాను. ఏడాదిలో మోకాలు దాటి పెరిగింది. పనికిరాదనుకున్న కుక్క మందను నాకంటే బాగా కాసింది. తప్పిపోయిన గొర్రెను వెతికి, కరవకుండా, అరవకుండా పక్క నుంచి ఒరుసుకుంటూ నడిపించుకొచ్చేది. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద నేను సద్ది విప్పితే, దాని వాటా జొన్న గట్క ముద్ద అది తిని, నా మడమకు వీపు ఆనించి పడుకునేది. నేను దానితో అన్నీ చెప్పుకునేదాన్ని. మా ఇంటాయన సంగతి, అత్త సంగతి, మరిది నడక సంగతి, అన్నీ. అది చెవి ఒకటి లేపి వినేది. మన ఈడు ఆడవాళ్లకు తెలుసు, మనం చెప్పేది మధ్యలో ఆపకుండా వినేవాళ్లు ఎంతమంది దొరికారో.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

ఎండాకాలం చివర, వానలు పడకముందు గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. ఉన్ని వచ్చిన మరుసటి ఏడు చిట్యాల దగ్గరి వాగు ఒడ్డున మూడు మందలవాళ్లం కలిశాం. ముందు రోజు గొర్రెలను మడుగులో ముంచి కడిగాం. కత్తిరించే రోజు పొద్దున మొదటి పిడికెడు బొచ్చు మా కులదేవుడు బీరప్ప పేరు మీద పక్కకు పెట్టి, పని మొదలుపెట్టాం. గొర్రెను మెడా తొడా పట్టి పక్కకు పడేసి, కాళ్లు దగ్గరకు చేర్చి తాడుతో కడతారు. కట్టు పడిందంటే గొర్రె ఇక పెనుగులాడదు, లోకం మీద ఆశ వదిలేసినట్టు మెదలకుండా పడి ఉంటుంది. మా ఇంటాయన చేస్తుంటే చూసినదాన్నే గాని, కత్తెర నా చేతికి రావడం అదే మొదలు. నాకివ్వడానికి మరిది ఇష్టపడలేదు. “గది ఆడోళ్ల చేతికి అచ్చే కత్తెర గాదు వదినా,” అన్నాడు. అచ్చింది. రెండు రోజుల్లో అరవై గొర్రెలూ నేనే కత్తిరించాను. అరచేతులు బొబ్బలెక్కాయి గాని, కత్తెర గాటు ఒక్క గొర్రెకు పడలేదు. ఒడ్డున కూర్చున్న మగవాళ్లు నా దిక్కు చూసి గొణగడం మానేశారు. ఆ గర్వం నా తలకెక్కింది.

అప్పుడు ఎవరో అన్నారు, “ఇంకో తెల్ల గొర్రె మిగిలిందక్కా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఉన్నిని పిలిచాను. పిలవగానే తోక ఊపుకుంటూ వచ్చింది, అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు. దాని ఒంటినిండా ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు ఉండలు కట్టి ఉన్నాయి, ఎండకు రొప్పుతోంది, తీస్తే దానికే సుఖం అనుకున్నాను. ఆ అనుకోవడంలో తప్పులేదు. మెడా తొడా పట్టి పడేసి, గొర్రెకు కట్టినట్టే నాలుగు కాళ్లూ కట్టాను.

కుక్క గొర్రె కాదు. అది అరిచిన అరుపు వాగు అవతలి చేలలో పనిచేసేవాళ్లకు వినబడింది. కట్టకముందే అది నాలుకతో మూతి నాక్కుంది, ఆవులించింది, కంట్లో తెలుపు కనబడేట్టు పక్కకు చూసింది, తల తిప్పుకుంది. నోరు లేని జీవం వద్దని ఎన్ని తీర్ల చెప్పగలదో అన్ని తీర్లూ చెప్పింది. నేను మోకాలు దాని భుజం మీద ఆనించి కత్తెర ఆడించాను. కొంతసేపటికి అరుపు ఆగింది. అణిగిందనుకుని సంతోషపడ్డాను. ఇప్పుడు నాకు తెలుసు, అది అణగడం కాదు, ఇక ఎవరూ రారని తెలుసుకోవడం. చెవి వెనుక ఒక పెద్ద ఉండ ఉంది. దాన్ని గుంజి పట్టుకుని కత్తెర పెట్టాను. గుంజితే బొచ్చుతోపాటు చర్మం కూడా లేస్తుందని గొర్రెల మీద నాకు తెలుసు, ఆ నిమిషం తెలియలేదు. చర్మం తెగింది. నెత్తురు చూసి చెయ్యి ఆపి, కట్టు విప్పాను. ఆ ముడి సగం తెగి, నెత్తుటితో తడిసి అట్లాగే ఉండిపోయింది. ఉన్ని లేచి, రెండుసార్లు తూలి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. మగవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

పొద్దుగూకకముందే మంద దగ్గరకు తిరిగొచ్చింది. నా దగ్గరకు రాలేదు.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య పది బారల దూరం. నేను లేస్తే అది లేచేది, నేను నడిస్తే అది నడిచేది, నేను ఆగితే ఆ పది బారల అవతలే ఆగేది. గొర్రెలను ఎప్పటిలాగే కాసింది, నక్కను తరిమింది, తప్పిపోయినదాన్ని తెచ్చింది. పని మానలేదు, నన్ను మానింది. గట్క ముద్ద బండ మీద పెట్టి నేను దూరం జరిగితే తప్ప తినేది కాదు. మొదట్లో బతిమిలాడాను. తర్వాత కోపమొచ్చి వెంటపడ్డాను, పది బారలు ఇరవై అయ్యాయి. మరిది చూసి, “కుక్కకు గింత బతిమిలాడుడేంది వదినా, ఇంకోటి తెచ్చుకో,” అన్నాడు. ఇంకోటి తెచ్చుకుంటే కుక్క దొరుకుతుంది. పిలవగానే తోక ఊపుకుంటూ వచ్చి నా తాడుకు చిక్కిన ఆ ఒక్కదానికి నేను ఇవ్వాల్సిన జవాబు ఎక్కడ దొరుకుతుంది? మడమ దగ్గర ఆ వెచ్చదనం లేక మధ్యాహ్నాలు సద్ది మింగుడు పడేది కాదు. మళ్లీ మాట్లాడే ముందు దగ్గడం మొదలైంది.

తొలకరి పడ్డాక రేగొండ దాటి ఒక బీడులో దిగాం. ఒక మధ్యాహ్నం నా గొంగడి నిండా ఉత్తరేణి గింజలు అంటుకుంటే, ఉన్ని దిక్కు వీపు పెట్టి కూర్చుని ఒక్కొక్కటే ఏరుతున్నాను. నిజం చెప్పాలంటే దానిమీద ఆశ వదులుకున్న రోజది. చాలాసేపటికి వెనుక గడ్డి మెదిలింది. గొంగడి కొసను ఏదో వాసన చూస్తోంది. నేను తిరగలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. కాసేపు వాసన చూసి వెళ్లిపోయింది. మరునాడు మళ్లీ అట్లాగే కూర్చున్నాను. ఇంకొన్నాళ్లకు కత్తెరను తెచ్చి నాకు రెండు చేతుల దూరంలో నేల మీద ఊరికే పెట్టాను. ఆ రోజు రాలేదు. కత్తెర అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టరు, ఏమీ జరగదు అని దానికి తెలిసేసరికి నెల పట్టింది. ఒకనాడు ముక్కు చాచి కత్తెరను వాసన చూసి, తుమ్మి, పోయింది. ఆ తుమ్ముకు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అంతా ఇట్లా మెల్లగా సాగితే బాగుండేది. వానలు ఊరుకోలేదు. తిరిగి పెరిగిన బొచ్చులో ముంగాలి సంక కింద గింజలు ఉండ కట్టి, తడిసి, చర్మం పుండయింది. ఈగలు వాలాయి. ఉన్ని కుంటడం మొదలుపెట్టిన మూడో నాటికి గాలి మళ్లితే వాసన వచ్చింది. ఆ వాసన గొర్రెలవాళ్లకు చెప్పక్కర్లేదు, పుండులో పురుగులు పడ్డాయి.

మరిది తాడుతో ఉచ్చు వేసుకుని వచ్చాడు.

“సస్తది వదినా. పురుగు లోపటికి వొయినంక నువ్వెంత కూసున్నా ఏం లాభం? నేను మెడ పడుత, నువ్వు కాళ్లు కట్టు. జరసేపట్ల అయిపోతది.”

“ఇంకోపారి కట్టేస్తె మళ్ల నా మొకం సూడది.”

“మొకం సూడకుంటె ఏంది, బతుకుతది గద!”

ఆయన చెప్పింది తప్పు కాదు. పశువుల దవాఖాన ఆమడ దూరం, దాన్ని పట్టుకోలేకపోతే అంతదూరం తీసుకుపోయేదెట్లా? “ఇయ్యాల, రేపు సూడు తమ్మీ. ఎల్లుండి పొద్దుగాల నీ ఉచ్చు, నీ ఇష్టం,” అన్నాను. ఆయన తాడును భుజాన వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

పురుగులకు మందుగా సీతాఫలం ఆకు కోసుకొచ్చి బండ మీద నూరాను. పక్క ఊళ్లో బట్టలు కుట్టే ఒక అక్కను అడిగి చిన్న కత్తెర తెచ్చుకున్నాను. ఆ కత్తెరను దూరం నుంచే ఉన్నిని వాసన చూడనిచ్చి, నా పక్కన పెట్టుకుని, అరచెయ్యి వెల్లకిలా నేల మీద చాచి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. ఉన్ని వచ్చి అరచేతిని వాసన చూసింది. దాని భుజం మీద చెయ్యి పెట్టి, రెండు ఊపిర్లు లెక్కపెట్టి తీసేశాను. మళ్లీ పెట్టాను. తల తిప్పింది, తీసేశాను. పెట్టడం కంటే తీసేయడమే కష్టం, పుండు అంత దగ్గర్లో ఉన్నప్పుడు. ఆ రోజంతా గడిచి, మోచేయి దాకా మాత్రమే పోగలిగాను. సంక కింద పురుగులు నాకు కనబడుతూనే ఉన్నాయి. గట్టు మీద నుంచి మరిది, “ఒక్క రోజు వొయింది,” అన్నాడు.

రెండో రోజు పొద్దున ఉన్ని తనంతట తానే వచ్చి నా మోకాలి మీద దవడ పెట్టింది. నేను దానితో ఒక ఒప్పందం చేసుకున్నాను, నోటితో కాదు. దవడ మోకాలి మీద ఉన్నంతసేపు నా చెయ్యి పనిచేస్తుంది. దవడ లేచిందంటే చెయ్యి ఆగుతుంది, కత్తెర కింద పడుతుంది. బొచ్చు మొదట్లో రెండు వేళ్లతో నొక్కిపట్టి, చర్మం గుంజుకోకుండా, వేలు అడ్డం పెట్టి, ఒక్కొక్క పాయ కత్తిరించాను. రెండు పాయలకోసారి దవడ లేచేది. ఆగేదాన్ని. మళ్లీ దవడ వచ్చేది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పుండు పైకి తేలింది. ఇక ఆకు పసరు పిండాలి. పిండితే మండుతుంది, దానికి ఆ సంగతి చెప్పే దారి లేదు. మా ఇంటాయనను తలుచుకుని పిండాను.

ఉన్ని ఎగిరి దూకింది. పది బారలు కాదు, కంటికి కనబడనంత దూరం పోయింది.

మరిది లేచి నిలబడ్డాడు. తాడు భుజం మీది నుంచి చేతిలోకి వచ్చింది. నేను లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి, అరచెయ్యి అట్లాగే వెల్లకిలా నేల మీద ఉంది, పసరు దాని మీద ఎండిపోయింది. ఎంతసేపో చెప్పలేను, గొర్రెలు మేసుకుంటూ నన్ను దాటి అవతలికి పోయాయి. వాటి వెనుక, కుంటుకుంటూ, ఉన్ని వచ్చింది. కొంచెం దూరంలో ఆగి ఒళ్లంతా దులుపుకుంది. పసరుకు బయటపడిన పురుగులు కొన్ని రాలాయి. నా దిక్కు చూసింది. వచ్చి, దవడ మోకాలి మీద పెట్టింది.

నేను తల ఎత్తేసరికి గట్టు మీద మరిది లేడు. ఉచ్చు మాత్రం అక్కడి పొద మీద వేలాడుతోంది. మరుసటి నెల నుంచి నా మందకు మైలు దూరం కాకుండా, కేకేస్తే వినబడేంత దూరంలో నడిచాడు.

పుండు పదిహేను రోజుల్లో మానింది. మోకాలి ఒప్పందం మాత్రం బతికినన్నాళ్లూ నిలిచింది. రోజూ ఒక చోటే, అది ఒప్పుకున్నంతే దువ్వేదాన్ని, రోజుకొక గోరు తీసేదాన్ని. ఒళ్లంతా ముట్టనిచ్చింది. చెవి వెనుక ఆ ఒక్క ముడి తప్ప. చెయ్యి అటు పోయిందంటే తల తిప్పేది. కోపంగా కాదు, వద్దులే అన్నట్టు. గాయం ఎప్పుడో మానింది, ముడి బిగుసుకోకుండా వదులుగానే ఉంది, కింద చర్మం బాగుందని కంటితో చూసుకునేదాన్ని. బాగున్నంతకాలం దాన్ని అట్లాగే వదిలేశాను. “గింత సుబ్బరంగ ఉంచుతవు, గా ముడేందక్కా?” అని దారిలో అడిగినవాళ్లకు, అది నాది, దానిది కాదు అని చెప్పేదాన్ని. ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఉన్ని ముసలిదై, ఒక చలికాలం పొద్దున మంద పక్కనే పోయింది. మరిదే గుంత తవ్వాడు. దించేముందు ఆయనన్నాడు, “ఇప్పుడన్న ఆ ముడి తియ్యి వదినా, సక్కగ పోతది.”

“బతికుండంగ వద్దన్నది. సచ్చినంక అడగకుండ తీస్తనా?” అన్నాను. ముడితోనే పూడ్చాం.

ఆ తర్వాత మంద మీద మనసు నిలవలేదు. గొర్రెలను మరిదికి ఇచ్చేసి జనగామ చేరాను, పశువుల దవాఖానలో ఊడ్చే పనికి. అక్కడికి ఒళ్లంతా అట్ట కట్టిన బొచ్చుతో కుక్కలను తెచ్చి, మూతి కట్టి బల్ల మీద నలుగురు అదిమిపడితే నేను చీపురు పక్కన పెట్టి అడ్డం పోయేదాన్ని. మొదట తిట్టినా, నా ముందు కుక్కలు నిమ్మళంగా ఉండడం చూసి డాక్టరమ్మే నన్ను పిలవడం మొదలుపెట్టింది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నదీ ఉంది. అట్ట చర్మానికి అంటుకుపోతే కత్తెరతో సాహసం చెయ్యకూడదు, అది మత్తిచ్చి డాక్టర్ తియ్యాల్సిన పని. పురుగు పడితే ఆకు పసరు పెట్టుకుంటూ కూర్చోకుండా దవాఖానకే తేవాలి. నేనాడు పసరు పిండింది వేరే దారి లేక. ఆ మందు సీసాల మీది పేర్లు చదవడం కోసమే యాభై దాటాక పలక పట్టాను. మొదట రాయడం నేర్చిన మాట నా పేరు కాదు, ఉన్ని.

ఇదంతా ఆ కాగితం నాలుగో వరుస మీద వేలు పెట్టి అక్క మనవరాలికి చెప్పాను. అంతలో ఎవరో తెచ్చిన ఒక తెల్ల కుక్కను దువ్వుతూ ఆమె విన్నది. మధ్యలో అది తల తిప్పితే, నా కథలో పడి కూడా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె వేళ్లకే ఆ సంగతి తెలుసు. నాకు చెప్పలేని ఈర్ష్య కలిగింది. చెప్పడం అయ్యాక కలం అడిగి, కాగితం అడుగున నా వంకర అక్షరాలతో ఒక వరుస రాశాను, ఒక ముడి మిగిలితే మిగలనివ్వండి అని.

“అయ్యో, గిరాకి ఊకుంటదా చిన్నమ్మమ్మా? సగం పనికి పైసలు తీసుకున్నరంటరు,” అని నవ్వింది గాని, ఆ కాగితాన్ని అట్లాగే గోడకు అంటించింది.

నాకు కుడి భుజం రెండేళ్లుగా లేవదు. తల దువ్వుకోవడం ముందు భాగం వరకే. ఇంట్లో నేనొక్కదాన్నే, వెనుక ఎట్లుందో చెప్పేవాళ్లు లేరు. లేవబోతుంటే ఆ పిల్ల నా తల దిక్కు చూసి, “చెవెనుక సిక్కు వడ్డది గదనే, దువ్వాల్నా?” అని, కొత్త దువ్వెన అరచేతిలో పెట్టి నా ముందు చాచింది. ఎన్నేళ్లయిందో నా తల మీద ఇంకొకరి చెయ్యి పడి. మా అత్త పోయాక లేదు. దవాఖానకు పోతే చెయ్యి గుంజి పట్టీ కడతారు, బస్సెక్కితే రెక్క పట్టి లాగుతారు, ముసలిదాన్ని అడిగి ముట్టేదెవరు? ఈ పిల్ల అడిగింది. అడిగేసరికి నాకేమైందో, తల పక్కకు తిప్పుకున్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నాలుగో వరుస ప్రకారమే తీసుకుంది. ఆటో దాకా వచ్చి నన్ను ఎక్కించింది.

అప్పటి నుంచి వారం రోజులుగా అదే ఆలోచన. మన కాలంలో ముట్టేవాళ్లు చాలామంది, అడిగేవాళ్లు లేరు. కట్టేసి నూనె రాశారు, కట్టేసి పెళ్లిళ్లు చేశారు, మనం కూడా చేతికి చిక్కినవాటిని కట్టేశాం. ఇప్పుడు కుక్కను కూడా అడిగే పిల్లలు వచ్చారు, మంచిదే, నా కళ్ల ముందే వచ్చారు. కాని అడిగిన చేతికి ఏం జవాబు చెప్పాలో మనకెవరూ నేర్పలేదు. చెవి వెనుక చిక్కు వేలికి తగులుతూనే ఉంది. ఆమె మళ్లీ అడగదు, అడగకూడదని నేనే ఆ కాగితం మీద దస్కతు పెట్టినంత పని చేశాను. పసరు మంట ఒంటి మీద ఉండగానే ఉన్ని ఆ పూటే తిరిగి వచ్చింది. నాకు వారమైంది. రేపు దుకాణం తీసే వేళకు పోయి, ఆ రబ్బరు చాప పక్కన కూర్చుని, తల కొంచెం వంచి చూడాలి.